షోకేసుకు లొంగని లెన్సు

నేను ఒక లెన్సుని. బ్యాటరీ అడగను, మోటారు ఎరగను. నా నడుము చుట్టూ ఉన్న చక్రాన్ని చేత్తో తిప్పితే చాలు, మసకగా ఉన్నది తేటపడుతుంది. పుట్టింది జపాన్‌లో, బతికింది విజయనగరంలో, సన్యాసిరావుగారి స్టూడియోలో. ఊళ్లో సగం పెళ్లిళ్లు నా కళ్లముందే జరిగాయి. ఆ కాపురాలు ఎలా సాగాయో మాత్రం నన్నడక్కండి.

నన్ను మూలపడేసింది వయసు కాదు, భక్తి! ఏటా ఆయుధపూజనాడు సన్యాసిరావుగారు నాకు గంధం రాసి కుంకుమబొట్టు పెట్టేవారు. రాలిన కుంకుమ నా మరల్లోకి దిగింది. చక్రం బిగుసుకుంటే కొబ్బరినూనె పోశారు. రెండూ కలిసి బంకైపోయాయి. "జపానోడి సరుకు ఇంతే" అని తేల్చేశారాయన. ఆడలేక మద్దెల ఓడన్నట్టు! నాకు ఒళ్లు మండిపోయింది.

స్టూడియో మూతపడింది. కొత్తగా కాఫీ హోటల్ పెట్టినాయన పాత సామాను పోగేస్తూ, నన్ను షోకేసులో పెడతానన్నాడు. సాయంత్రం వచ్చి పట్టుకెళ్తానన్నాడు. అలంకారానికా నేను పుట్టింది?

ఆ మధ్యాహ్నం సన్యాసిరావుగారి భార్య గౌరీశ్వరిగారు వంటింట్లో తెల్లగుడ్డ పరిచి నన్ను ముందు పెట్టుకున్నారు. ఇన్నేళ్లూ ఫిల్ములు కడిగింది, ఫోటోలకు రంగులద్దింది ఆవిడే. కెమెరా మాత్రం ఆవిడ చేతికి ఎప్పుడూ ఇవ్వలేదు.

"ఏటే, దాన్నిప్పేత్తన్నావా? పాడైపోద్ది!" అన్నారు సన్యాసిరావుగారు.

"ఇప్పుడేటి బాగున్నాదండీ?"

మరలు కలిసే చోట కాటుకతో గుర్తు పెట్టుకుని ఆవిడ నన్ను విప్పారు. ఎర్రటి బంక చూడగానే అది తన కుంకుమేనని సన్యాసిరావుగారికి తెలిసిపోయింది. సాయం చేద్దామని స్పిరిటు గుడ్డతో నన్నంతా తుడిచి, ఆ కాటుక గుర్తు కూడా చెరిపేశారు!

నా మరలు ఎటునుంచైనా ఎక్కుతాయి. కానీ సరైన చోట మొదలుపెడితేనే చూపు కుదురుతుంది. కెమెరాకి బిగించి మేడమీంచి చూస్తే గంటస్తంభం మసక. మళ్లీ విప్పి ఎక్కించినా మసకే.

"ఇంక వొగ్గీవే," అన్నారాయన.

ఆవిడ వదల్లేదు. నేను మాత్రం వదులుతానా? ఇంకోచోటినుంచి ఎక్కించి చక్రం తిప్పారు. గడియారం మీది అంకెలు విడివిడిగా నిలబడ్డాయి. నాకు ఏడుపొచ్చింది, గర్వంతో.

"ఏదీ, ఇలాగియ్యి," అని ఆయన చెయ్యి చాపారు. ఆవిడ ఇవ్వలేదు. అప్పుడే కింద వీధిలోంచి హోటలాయన పిలిచాడు.

"ఇచ్చీది లేదని సెప్పీండి," అన్నారు గౌరీశ్వరిగారు, నన్ను భర్త వైపు తిప్పుతూ. "సెప్పీసొచ్చి ఇక్కడ నిలబడండి."

ఆయన చెప్పి వచ్చారు. జీవితమంతా జనాన్ని నిలబెట్టిన మనిషి, తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తికమకపడ్డారు.

"సేతులు కట్టుకోండి. కదలకండి," అన్నారావిడ.