ఆచార్యుల గది గడియ

నేను ఒక ఇత్తడి గడియను. బుడితిలో ఒక కంచరి నన్ను పోతపోశాడు. సముద్రతీరాన ఉన్న ఒక విశ్వవిద్యాలయంలో, భూగర్భశాస్త్ర శాఖాధిపతి గది తలుపుకు లోపలివైపు నన్ను బిగించారు. గడియకు ఇష్టాయిష్టాలు ఉండవని మనుషుల నమ్మకం. ఏ చేయి జరిపితే ఆ చేతికి జరుగుతాను, నిజమే. అలా జరిగినందుకు నన్ను నేను మన్నించుకోలేదన్నదీ నిజమే.

ఇరవై రెండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం, సిద్ధాంతగ్రంథం మీద సంతకం కోసం సత్యవేణి అనే పరిశోధక విద్యార్థిని వచ్చింది. ఆచార్య కేదారనాథ్ నన్ను బిగించాడు. ఆమె ఏడుపు విన్నది నేనొక్కదాన్నే. రెండుసార్లు నా దాకా చేయి చాచింది, ఆయన అందనివ్వలేదు. మరునాడే ఆయన నన్ను ఊడదీయించాడు.

ఆమె ఇచ్చిన ఫిర్యాదును అప్పటి పెద్దలు మడిచి పక్కన పెట్టారు. చదువు వదిలి ఆమె ఒక బడిలో ఉపాధ్యాయురాలైంది. ఈ ఏడాది కేదారనాథ్ పేరును ఉపకులపతి పదవికి ప్రతిపాదించారని పత్రికలో చదివి, జరిగినదంతా సొంత పేరుతో బయటపెట్టింది.

"ఇరవై రెండేళ్లు నోట్లో ఏం పెట్టుకుందట?" అని క్యాంటీన్‌లో నవ్వుకున్నారు.

విచారణ సంఘం ముందు కేదారనాథ్ నింపాదిగా చెప్పాడు: "నా గదికి లోపల గడియ అన్నదే ఎన్నడూ లేదండీ. అందరూ వచ్చిపోయే గది అది." ఆ మాట నిలిస్తే పదవి ఆయనది; అబద్ధాలకోరన్న పేరు ఆమెది.

ఆ మాట పత్రికల్లో పడింది. స్టోరు గుమాస్తా అప్పలసూరి చదివాడు. అక్కడ వంగిన మేకును కూడా పారేయరు. చీటీ కట్టి, వేలం వేసేదాకా స్టోరులో ఉంచుతారు. సంతకం లేనిదే సామాను తీసుకోనని నన్ను ఊడదీసి తెచ్చిననాడు అతడు మొండికేస్తే, విసుక్కుంటూ ఆచార్యులవారే చీటీ మీద సంతకం చేశారు. చేసి మరచిపోయారు. చిన్న ఉద్యోగుల ముందు చేసినవి పెద్దలకు గుర్తుండవు.

అప్పలసూరి తువ్వాలులో చుట్టి తెచ్చి, నన్ను విచారణ సంఘం బల్ల మీద పెట్టాడు. చీటీ మీద గది సంఖ్య, సంతకం, తేదీ. ఆమె ఫిర్యాదులోని తేదీకి అది మరునాడు.

"ఇన్నాళ్లూ ఎందుకు దాచావయ్యా?" అని సంఘం అధ్యక్షులు గద్దించారు.

"నాను దాసేదేటి బాబూ? ఏలం ఎయ్యండని ఏటేటా రాస్తన్నాను. ఏసినోడేడీ?"

కేదారనాథ్ చీటీ మీది తన సంతకాన్ని చూశాడు. తరువాత, అంతమంది ఎదుట, సత్యవేణి వైపు తిరిగాడు. "పదవికి నా పేరు వెనక్కి తీసుకుంటాను. ఇంతటితో వదిలెయ్యమ్మా."

"ఆ రోజు నేనూ ఆ మాటే అన్నాను సార్," అంది సత్యవేణి. అటునుంచి అటే పోలీసు ఠాణాకు నడిచింది.

ఇప్పుడు నేను పోలీసులు లక్క ముద్ర వేసిన సంచిలో సాక్ష్యంగా ఉన్నాను. నేను కోరుతున్నది న్యాయమా, పగా అని నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. కోర్టు వాయిదా నాడు ఆయన ఎదుట నన్ను మళ్ళీ బయటికి తీస్తారు. అది పగే అయినా, నాకు సిగ్గు లేదు.