ఇంట్లో ఉన్న మనిషి

"తిరిగొచ్చే బస్సు యాడన్నా ఆగిపోతే ఏం గతి మామా? ఆపరేషనయ్యి నేనొచ్చేదాకా వీడు తడిలోనే పడుంటాడే!"

కొడుకు కింద గుడ్డ మారుస్తూ అంది గురవమ్మ. బస్సు ఇంకా ఊర్లోకే రాలేదు. మొగుడు చిన్నసుబ్బయ్య గోడకానుకుని బీడీ తాగుతున్నాడు.

చెడు తోచడం ఆమెకు ఊరికే రాలేదు. కొడుకు కాటమయ్య పార్టీ నాయకుని జీపెక్కిన పొద్దున కూడా "వద్దురా నాయనా" అంది. నవ్వి పోయాడు. జమ్మలమడుగు దారిలో ఎదుటి పార్టీవాళ్ళు వేసిన నాటుబాంబుకు వాడి నడుము కింద ప్రాణం లేకుండా పోయింది. నాయకుడొచ్చి "మా కోసం నడుమిచ్చిన పులి" అని భుజం తట్టి పోయాడు. ఆ పులికి ఒంటికీ రెంటికీ తెలియదని, పక్కకు తిప్పుతూ ఉండకపోతే వీపు పుండవుతుందని ఆయనకు ఎవరు చెప్తారు? "కన్నతల్లివి, నువ్వు గాక ఎవురు చేస్తారు?" అని అత్త పోయేదాకా అంటూనే ఉండేది.

అప్పటినుంచి చిన్నసుబ్బయ్య వాకిలి దాటలేదు. దాటితే ఎదుటి పార్టీవాళ్ళు నరుకుతారు. ఆడవాళ్ళ జోలికి మాత్రం రారు, అదొక కట్టుబాటు. మొదట్లో ఆ కట్టుబాటుకు గురవమ్మ దండం పెట్టుకుంది. రానురాను దాని పుణ్యాన చేనూ ఆమెదే అయింది, గొర్రెలూ ఆమెవే, ప్రొద్దుటూరుకు పోయి మందులు తేవడమూ ఆమెదే. కలుపు మధ్యలో వదిలేసి, పుండు పడిందేమో, చీము పట్టిందేమో అనుకుంటూ పరుగున వచ్చి, కొడుకును తిప్పి, మళ్ళీ చేనికి పోయేది. ఒకే ఒక్కసారి సాయం పట్టమని మొగుణ్ణి అడిగింది. "నేను పీతిగుడ్డలు తీస్తాండానని తెలిస్తే ఎదుటి పార్టీ నా కొడుకులు నవ్వరామే?" అన్నాడు. మళ్ళీ అడగలేదు.

ఎత్తీ ఎత్తీ ఆమెకు గర్భసంచి జారింది. ఆపరేషనంటే మొగుడు మొదట విత్తనం కానీ అన్నాడు, తర్వాత ఓట్లు కానీ అన్నాడు. ఇక ఆగితే లాభం లేదని, ఆపరేషనయ్యాక బిందె కూడా ఎత్తకూడదని ప్రొద్దుటూరు డాక్టరమ్మ చెప్పింది. "ఇంట్లో ఇంకెవరున్నారమ్మా చూసుకోను?" అని ఆమె అడిగితే, "ఎవురూ లేరు మా" అనేసింది గురవమ్మ. తిరుగు బస్సులో కూర్చున్నాక గాని మొగుడు గుర్తుకు రాలేదు.

"గురవక్కా, రా మే! బస్సొచ్చె!" తోడు వస్తానన్న పక్కింటి సకీనా కేకేసింది.

గురవమ్మ సంచి తీసుకుని గడప దాటింది. ఆపరేషను బల్ల మీదనే తను పోయినట్టు, ఇక్కడ కొడుక్కి పురుగులు పట్టినట్టు, అన్నీ కళ్ళ ముందు ఆడాయి. అయినా వెనక్కి రాలేదు.

"మామా, నేను పోతాండా. డాక్టరమ్మ అడిగితే ఇంట్లో ఎవురూ లేరని చెప్పినా." గడప బయటినుంచే అడిగింది. "అబద్ధం చెప్పినానా?"

కాటమయ్య మొహం గోడవైపు తిప్పుకున్నాడు. రోడ్డు మీద బస్సు హారన్ కొట్టింది. సకీనా మళ్ళీ కేకేసింది. చిన్నసుబ్బయ్య చేతిలో బీడీ ఆరిపోయింది. గురవమ్మ మెట్టు దిగింది.

అప్పుడు లేచాడు. కొడుకు మంచం దగ్గరికొచ్చి, చేతులు ఎక్కడ వేయాలో తెలియక నిలబడ్డాడు.

"ముందు యా పక్కకు తిప్పాల?" అన్నాడు.