కంకణంతోనే బందరు

మా ఊరి వేణుగోపాలస్వామి కళ్యాణానికి ఆ ఏడు పీటలు మావి. మా దంపతులిద్దరి చేతులకీ కంకణాలు కట్టారు. కంకణం కట్టుకున్నాక కళ్యాణం ముగిసేదాకా పొలిమేర దాటకూడదని మా మొవ్వ వైపు పిల్లలకి కూడా తెలుసు.

పూజ మొదలైన కాసేపటికి మా ఆయన గోవర్ధనరావు నా మోచెయ్యి పట్టుకున్నారు.

“దుర్గా, కుడికంటికి ఏం కనపడట్లేదే. పైనుంచి తెర దించేసినట్టుంది.”

ఎడమకన్ను మూసి చూడమన్నాను. అంతా చీకటేనన్నారు. కుడికన్ను మూస్తే స్వామీ, పూలూ, నేనూ అందరం కనపడుతున్నామన్నారు. నొప్పి లేదు. కొద్ది నిమిషాల్లో చూపు తిరిగొచ్చింది. ఆయన నవ్వారు కూడా.

నాకు మాత్రం నవ్వు రాలేదు. మా అమ్మకీ ఇలాగే ఒక కంటి చూపు పోయి వచ్చింది. ఎండ వల్ల అనుకుని చుక్కలమందు వేసి ఊరుకున్నాం. ఆ వారంలోనే నోరు వంకరపోయి, ఒక పక్కంతా పడిపోయింది.

“లేవండి, బందరు ఆసుపత్రికి వెళ్దాం,” అన్నాను.

మా బావగారు శోభనాద్రి గుడికి పెద్ద. అంతెత్తున లేచారు. “చూపొచ్చేసిందిగా! తలంబ్రాలయ్యాక వెళ్ళండి. కంకణంతో పొలిమేర దాటితే ఊరికే అరిష్టం.”

“అన్నయ్య చెప్పింది నిజమేనే. ఎంతసేపులే,” అన్నారు ఈయన.

నాకు ఒళ్ళు మండింది. దేవుడైతే ఆగుతాడు, ఈయన ఒంట్లో ఉన్నది ఆగుతుందా? అందరికీ వినపడేలా అడిగాను.

“పంతులుగారూ, భార్య పక్కన లేకుండా ఈయనొక్కరే పీటల మీద కూర్చోవచ్చా?”

“కూడదమ్మా.”

కొంగుముడి విప్పి లేచాను. వెళ్ళి కారు స్టార్ట్ చేసి కూర్చున్నాను. ఎవరెన్ని శాపనార్థాలు పెట్టినా దిగలేదు. చివరికి బావగారూ, ఆయన భార్యా పీటలెక్కారు. ఈయన రుసరుసలాడుతూ వచ్చి నా పక్కన కూలబడ్డారు.

బందరు ఆసుపత్రిలో డాక్టర్ హరిణి కన్ను చూసి, బాగానే ఉందన్నారు. ఈయన నావైపు కొరకొరా చూశారు. ఆవిడ అంతటితో వదలకుండా మెడకి స్కాన్ తీయించారు.

“జబ్బు కంట్లో లేదండీ. మెడలో రక్తనాళం బాగా పూడుకుపోయింది. అక్కణ్ణుంచి చిన్న ముక్క జారి కంటికెళ్ళింది. అది కరిగిపోయింది కాబట్టి చూపొచ్చింది. ఇంకోటి మెదడుకెళ్తే పక్షవాతమే. చూపొచ్చేసిందని ఇంట్లో కూర్చోకుండా మంచిపని చేశారు.”

సూది గుచ్చడానికి నర్సు చెయ్యి అడిగితే ఈయన కంకణమున్న చెయ్యే చాపారు. ముడి నేనే విప్పాను.

అప్పుడే బావగారి ఫోను.

“ఊరి పరువు తీశావమ్మా! వచ్చే ఏడు ఏ మొహం పెట్టుకుని గుడికొస్తావు?”

“ఈ మొహంతోనే వస్తాను బావగారూ. మీ తమ్ముణ్ణీ తీసుకొస్తాను. పీటల దాకా ఆయన కాళ్ళమీద ఆయనే నడిచొస్తారు. చూద్దురుగాని.”