రోజలిన్‌కి కోపం వస్తే

ఆదివారం పొద్దున్నే గ్యాస్ అయిపోయింది. దేవకుమారి పాలగిన్నె పట్టుకుని కూతురి గది గుమ్మంలో నిలబడి, "ఏటే రోజీ, కోపంగా ఉన్నావా?" అని అడిగింది.

రోజలిన్ పేపర్లోంచి తల ఎత్తలేదు. దేవకుమారి పక్కనున్న ఇనప స్టూలుని వేలితో ఇలా ముట్టి అలా తీసేసింది. అమ్మయ్య అనుకుని గిన్నె దాని మీద పెట్టింది. అయిదు నిమిషాల్లో పాలు పొంగాయి.

కూర్మన్నపాలెంలో ఆ వీధికి ఇదేం కొత్త కాదు. రోజలిన్‌కి కోపం వస్తే దగ్గర్లో ఉన్న ఇనుము కాగుతుంది. పన్నెండో ఏట మొదలైంది. చిన్న కోపానికి గోరువెచ్చగా, పెద్ద కోపానికి నీళ్లు చల్లితే చుయ్యిమనేలా. కరెంటు పోయినప్పుడు పక్కింటి సూర్యకళ ఇస్త్రీ పెట్టె పట్టుకుని వచ్చి, కాసేపు ఆ కబురూ ఈ కబురూ చెప్పి, చివరికి ఎవరి మీదో ఒక చాడీ చెప్పి పెట్టె వేడి చేయించుకుని పోయేది. తండ్రి కృపాకర్ స్టీల్‌ప్లాంట్లో బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర పని చేస్తాడు. "అక్కడా అదే డ్యూటీ, ఇంట్లోనూ అదే డ్యూటీ" అంటూ కూతురికి చెక్క మంచం, చెక్క కుర్చీ చేయించాడు.

ఆ రోజు కోపం పేపర్లో వచ్చిన రెండు వాక్యాల మీద. "టీనేజీ పిల్లల కోసమంటూ వెలువడిన ఈ నవలలో భాషను ఇంకా సంస్కరించుకోవలసి ఉంది. ముఖచిత్రం బాగుంది."

రెండేళ్లు రాసిన నవల అది. పేరు 'లెక్కల్లో పోయినమ్మాయి'. రోజలిన్ వన్ టౌన్‌లో, పూర్ణా మార్కెట్ వెనక సందులో, సన్యాసిరాజు ప్రెస్సులో డీటీపీ చేస్తుంది. పెళ్లికార్డులూ, కరపత్రాలూ, స్కూళ్ల క్వశ్చన్ పేపర్లూ కొట్టగా మిగిలిన భోజనం టైములో, అదే కంప్యూటర్ మీద, ఒక చేత్తో పులిహోర తింటూ ఇంకో చేత్తో ఆ నవల కొట్టింది. కథ తన క్లాస్‌మేట్ దుర్గది. పదో తరగతిలో ఇద్దరూ కలిసే లెక్కలు తప్పారు. రోజలిన్ సప్లిమెంటరీ రాసింది. దుర్గని వాళ్లింట్లో రాయనివ్వలేదు. ఆ జాలరి పిల్ల పదిహేనేళ్లప్పుడు ఎలా మాట్లాడేదో అలాగే రాసింది రోజలిన్, పదిహేనేళ్ల పిల్లలు చదువుకోవాలని. సన్యాసిరాజు అయిదొందల కాపీలు వేశాడు. "రాయడంతో అయిపోదమ్మడూ. తిరగాలి. నలుగురికీ చెప్పుకోవాలి" అన్నాడు.

అందుకే తిరిగింది.

ముందు ఆవిష్కరణ సభ. ముఖ్య అతిథి భీమశంకరరావు రిటైరైన పెద్ద ఆఫీసరు. రిబ్బను విప్పి, పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకుని ఫోటో దిగాడు. నలభై నిమిషాలు తను ఎక్కడెక్కడ ఉద్యోగం చేశాడో చెప్పాడు. ఆఖర్న పుస్తకం గుర్తొచ్చి, "మన యాస మంచిదే. ఇంట్లో మాట్లాడుకోడానికి ముచ్చటగా ఉంటుంది. పుస్తకాలకెక్కిస్తే పిల్లలు చెడిపోరూ?" అన్నాడు. ముందు వరసలో జనం కుర్చీల్లో కదలడం మొదలెట్టారు. నిర్వాహకులు మాట్లాడకుండా లోపల్నుంచి ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి వేశారు. భీమశంకరరావు కూడా ఉపన్యాసం ఆపకుండానే కాలుతున్న మైకు స్టాండుకి ఓ అడుగు దూరం జరిగాడు. రోజలిన్ వంతు వచ్చేసరికి, "టీ డ్రమ్ము మరిగిపోతోందమ్మా, రెండు ముక్కల్లో తేల్చెయ్" అన్నారు.

తర్వాత పుస్తకాల ఎగ్జిబిషను. మూల స్టాల్లో నాలుగు రోజులు నిలబడింది. ఒకాయన పుస్తకం తిరగేసి, "ఇందులో బిట్లుంటాయా?" అని అడిగాడు. ఉండవంటే కింద పడేసినట్టు పెట్టేసి పోయాడు. ఒకావిడ కూతురి చేతిలోంచి పుస్తకం లాక్కుని, "ఫెయిలైనదాని కథ నీకెందుకే? శకునంలాగ!" అంది. పిన్నులు కొట్టిన కాపీలన్నీ మధ్యలో గోధుమరంగుకి తిరిగాయి. స్టాలు వాళ్లు వాటిని విడిగా పేర్చి, తగ్గింపు ధర చీటీ అంటించారు.

ఒకే ఒక్క పిల్ల, స్కూల్ యూనిఫామ్‌లో, నాలుగు సాయంత్రాలూ వచ్చింది. కొనలేదు. స్టాలు పక్కన నిలబడే చదివింది. ఏ పేజీలో ఆపిందో అక్కడ మర్నాడు మొదలెట్టేది. రోజలిన్ ఆమెను పలకరించలేదు, పలకరిస్తే పారిపోతుందేమోనని.

తిరుగు బస్సులో కండక్టరు రోజలిన్ మొహం చూసి, ముందు సీటాయన్ని లేపాడు. "మేడమ్‌గారూ, మీరు కూకోండి. నిలబడితే కడ్డీ పట్టుకుంటారు, మిగతావోళ్లకి సెయ్యి కాలతది."

మార్చిలో, పదో తరగతి పరీక్షలు రెండ్రోజులున్నాయనగా, గాజువాక అవతల ఒక ప్రైవేటు స్కూలు నుంచి పిలుపొచ్చింది. వాళ్ల క్వశ్చన్ పేపర్లు సన్యాసిరాజు ప్రెస్సులోనే పడతాయి. ఆ చనువుతో ఆయనే మాట్లాడి ఒప్పించాడు. "నాలుగొందలమంది పిల్లలమ్మడూ. కోపం మాత్రం ఇంట్లో పెట్టి వెళ్లు" అన్నాడు.

"ఇంట్లో పెట్టేది కాదు రాజుగారూ" అంది రోజలిన్.

స్కూలు గోడ మీద ఈ చివర నుంచి ఆ చివరికి బ్యానరు: వరసగా ఆరేళ్లు, వంద శాతం. కరస్పాండెంటు శ్రీరామ్మూర్తి గేటు దాకా ఎదురొచ్చాడు. మర్యాదస్తుడు. కాఫీ ఇప్పించాడు.

"మీ పుస్తకం చూశానమ్మా. బాగుంది. ఒక్క మాట. ఆ తప్పే సంగతి ఎత్తకండి. ఎల్లుండి పరీక్షలు కదా, పిల్లలు బెదురుతారు."

"పుస్తకమంతా ఆ సంగతే కదండీ."

"పోనీ మీ సంగతి చెప్పండి. ఫస్ట్ క్లాసులో పాసయ్యానని చెప్పండి."

"నేనూ లెక్కలు తప్పానండీ."

"అది వాళ్లకెలా తెలుస్తుంది?" అని నవ్వాడు శ్రీరామ్మూర్తి.

రోజలిన్ మైకు ముందుకెళ్లి, "నేను పదో తరగతి లెక్కల్లో తప్పాను. ఇరవై రెండు మార్కులొచ్చాయి" అంది. పిల్లలు ఘొల్లుమని నవ్వారు. ఆమె ఆగింది. నవ్వు దానంతటదే తగ్గిపోయింది. ఫలితాలొచ్చిన సాయంత్రం పేపర్లో నంబరు వెతుక్కోవడం, ఇంటికెళ్లకుండా చీకటిపడే దాకా రైలు పట్టాల పక్కన కూర్చోవడం చెప్పింది. దుర్గ పక్కన కూర్చుని ఏమందో చెప్పబోతుండగా మైకు ఆగిపోయింది. మూల నిలబడ్డ శ్రీరామ్మూర్తి ప్లగ్గు పీకి చేత్తో పట్టుకుని ఉన్నాడు. "కరెంటు పోయిందమ్మా" అన్నాడు. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది. హాల్లో పిల్లలందరూ ఒక్కసారిగా కంపాస్ బాక్సుల మీంచి చేతులు తీసేశారు.

పుస్తకాల సంచీ భుజానికి తగిలించుకుని మెట్లు దిగుతుంటే వెనకనుంచి ఎవరో కొంగు పట్టుకున్నారు. ఎగ్జిబిషన్‌లో నిలబడి చదివిన పిల్ల.

"అక్కా, నాను పైడితల్లినండి. మాది గంగవరం. నాకు హాల్ టికెట్టు ఇయ్యనేదు."

"ఏం? ఎందుకివ్వలేదు?"

"నాకే కాదు, నలుగురికి ఇయ్యనేదు. మేం రాత్తే తప్పుతామంట. సారుకి వంద పర్సెంటు పోద్దంట. ఒచ్చే ఏడు రాయమన్నారు. సార్ రూములో బీరువాలో ఎట్టీసి తాళం ఏసీసారు."

"మీ అమ్మగారు వచ్చి అడగలేదా?"

"వొచ్చింది. సారు మంచిగానే మాట్లాడి పంపించీసారు. మా యమ్మ ఇంక ఏటీ అన్నేదు. 'ఒచ్చే ఏడు దాకా ఏటి సేత్తావు, సేపల గంప ఎత్తు' అన్నాది. గంప ఎత్తితే మరింక దించడం ఉండదక్కా. మా పెద్దక్కకీ అదే అయ్యింది." పైడితల్లి ఏడవలేదు. ఆ మాట ముగించి, "పుస్తకంలో ఆ పిల్లకీ అలాగే కదేటి అయ్యింది?" అంది.

మెట్ల పక్క ఇనప రెయిలింగ్ మీద వేసిన రంగు బొబ్బలెక్కింది.

రోజలిన్ తిన్నగా ఆఫీసు రూముకి వెళ్లింది. పైడితల్లితో పాటు మిగతా ముగ్గురు పిల్లలూ వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. శ్రీరామ్మూర్తి సంగతి విని కోప్పడలేదు. తలుపు దగ్గరగా వేశాడు.

"మీరు చిన్నవారు, మీకు తెలీదు. ఫెయిలనే మచ్చ పడకుండా ఓ ఏడాది ఆపుతున్నాను. వీళ్ల మంచికే."

"వీళ్లు తప్పుతారని మీరెలా చెబుతారు? తప్పితే జూన్‌లో మళ్లీ రాసుకుంటారు. మీ బ్యానరు కోసం వీళ్లని ఇంట్లో కూర్చోబెడతారా? హాల్ టికెట్లు ప్రభుత్వానివి. మీవి కావు. తాళం తీయండి."

"తియ్యను."

బీరువా రేకు చిటపటమంది. శ్రీరామ్మూర్తి దానికి ఆనుకున్న భుజాన్ని తీసి, ఎడంగా జరిగి కుర్చీలో కూర్చున్నాడు. అది టేకు కుర్చీ.

"మీ కోపం సంగతి రాజుగారు నాకు ముందే చెప్పారమ్మా" అన్నాడు తాపీగా. "కానివ్వండి. బీరువా ఎర్రగా కాల్చండి. లోపల ఉన్నవి కాగితాలే. కాలితే మీ వల్లే కాలాయని నేనే రాసిస్తాను. నాకేం నష్టం?"

అప్పటికే సన్నగా కమురు వాసన వస్తోంది. పైడితల్లి, "అక్కా!" అంది.

రోజలిన్ గబుక్కున వెనక్కి వచ్చింది. కోపాన్ని ఆపుకుందామని చూసింది. పదిహేనేళ్లుగా అందరూ ఆ మాటే చెప్పారు. తగ్గించుకోమన్నారు, దిగమింగుకోమన్నారు, ఇంట్లో పెట్టి రమ్మన్నారు. దాన్ని ఎలా పట్టుకోవాలో చెప్పిన మనిషి ఒక్కడూ లేడు. ఆగమన్నకొద్దీ అది గదంతా పాకింది. కిటికీ ఊచలు, ఫ్యాను కాడ, బల్ల సొరుగు పిడి, పిల్లల పిన్నీసులు. ఒక పిల్ల "అబ్బా" అని పిన్నీసు పీకి కింద పడేసింది.

నవల రాసేటప్పుడు ఏదైనా పేజీ కుదరకపోతే రోజలిన్ ఒకటే పని చేసేది. కొట్టేసేది. అక్కర్లేని మాటలన్నీ తీసేస్తూ పోయి, ఉండి తీరాల్సిన ఒక్క వాక్యం దగ్గర ఆగేది. ఇప్పుడూ అదే చేసింది. కళ్లు మూసుకుని, పేపర్లో ఆ రెండు వాక్యాల్నీ తీసేసింది. భీమశంకరరావుని తీసేసింది. బిట్లడిగినాయన్ని, శకునమన్నావిడని, ప్లగ్గు పీకిన చేతిని కూడా తీసేసింది. దుర్గ దగ్గర చాలాసేపు ఆగింది. ఆమెను తీయడానికి చెయ్యి రాలేదు. చివరికి ఆమెనూ పక్కన పెట్టింది. నాలుగు కాగితాలు మిగిలాయి. వాటి ముందు ఒక తాళం.

కిటికీ ఊచలు చల్లబడ్డాయి. ఫ్యాను కాడ చల్లబడింది. బీరువా తలుపు మీద అరచెయ్యి పెడితే మామూలుగానే ఉంది. రోజలిన్ బొటనవేలు తాళం కన్నం మీద ఉంచి, అంత కోపాన్నీ ఆ కన్నంలోకి తోసింది. తన వేలికి ఆ వేడి ఎప్పుడూ తగలదు. పిడి నెమ్మదిగా కిందికి వాలి, పాకంలా సాగి, గచ్చు మీద బొట్లు బొట్లుగా పడింది.

"పోలీసుల్ని పిలుస్తాను" అని లేచాడు శ్రీరామ్మూర్తి.

"పిలవండి. బీరువాలో ఏమున్నాయో వాళ్లకీ చూపిద్దాం" అంది రోజలిన్.

శ్రీరామ్మూర్తి ఫోను మీద చెయ్యి పెట్టి, తీసి, మళ్లీ కూర్చున్నాడు.

పై అరలో కవరు ఒక పక్క నల్లబడింది. లోపలి నాలుగూ అంచులు కమిలాయి గాని పోలేదు. రోజలిన్ ఒక్కొక్క పేరూ పైకి చదివి ఇచ్చింది. పిల్లలు ఎవరిది వాళ్లు రెండు చేతులతో అందుకున్నారు.

శ్రీరామ్మూర్తి ఊరుకోలేదు. రచయిత్రి వచ్చి బీరువా పాడుచేసిందని తోటి స్కూళ్లన్నిటికీ ఫోన్లు చేశాడు. పిలిచిన మూడు స్కూళ్లు రావద్దన్నాయి. మూడొందలు పైగా కాపీలు ప్రెస్సు అటక మీదకెక్కాయి. రోజలిన్ కోపం తగ్గలేదు. ఆ కోపంతోనే రెండో పుస్తకం మొదలెట్టింది. పైడితల్లి ఆ మే నెలలో పాసైంది, లెక్కల్లో ముప్పై ఎనిమిదితో. ఇంటర్‌లో చేర్చడానికి వాళ్లమ్మ గంగాలమ్మ బేరం మానుకుని కూడా వెళ్లింది. మిగతా ముగ్గుర్లో ఒకమ్మాయి తప్పింది, జూన్‌లో మళ్లీ రాసింది. ఇవన్నీ తర్వాతి సంగతులు.

పరీక్ష మొదటి రోజు పొద్దున్న రోజలిన్ సెంటరు దగ్గరకొచ్చి, ఇనప గేటుకి దూరంగా, చింతపండు దుకాణం అరుగు మీద నిలబడింది. గేటు ఎవరికీ కాలకూడదని. లోపలేం జరిగిందో మధ్యాహ్నం పైడితల్లి బయటికొచ్చి చెప్పింది.

ఇన్విజిలేటరు గంగరాజు మాస్టారు, గవర్నమెంటు స్కూలాయన. ఒక్కొక్కరి హాల్ టికెట్టూ చూసుకుంటూ వచ్చి, పైడితల్లి బెంచీ దగ్గర ఆగాడు. కమిలిన అంచు పట్టుకుని కిటికీ వెలుగులో పెట్టాడు.

"ఏటమ్మా ఇది, ఇలా కాలింది?"

"మా అక్కకి కోపం వొచ్చిందండి."

మాస్టారు కళ్లజోడు సవరించుకున్నాడు. "నంబరు కనబడతంది. ఫోటో నీదే" అని సంతకం పెట్టి కాగితం తిరిగిచ్చాడు. "కూకో. టైమవుతంది."

పైడితల్లి కూర్చుంది. జవాబు పత్రానికి మార్జిను కొట్టుకుని, పైన తన నంబరు వేయడం మొదలెట్టింది.