సల్మా కుట్టిన చొక్కా

మేనేజర్ శ్రీనివాసరావు నాగూర్‌బీ చేతిలోంచి ఆ చొక్కా లాక్కుని బల్ల మీదకి విసిరేయడం మా లైనులో ఉన్న నలభై మందిమీ చూశాం. ఎవరమూ నోరెత్తలేదు. ఆ సిగ్గు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

మాది రేపల్లె శివార్లలోని బట్టల ఫ్యాక్టరీ. ఒక విదేశీ కంపెనీకి చొక్కాలు కుడతాం. ఆ రోజుకి నాలుగు రోజుల ముందు కొత్త ఆర్డరు వచ్చింది. ఎలా కుట్టాలో చూసుకోవడానికి ఒక నమూనా చొక్కా కూడా వచ్చింది. దాని కాలరుకి కట్టిన అట్ట చీటీ మీద ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది. నేను భట్టిప్రోలులో ఇంటర్ దాకా చదివాను కాబట్టి నాగూర్‌బీ అక్క నాచేత చదివించింది. ఢాకా దగ్గరి ఒక ఫ్యాక్టరీ పేరు. దాని కింద, కుట్టినవారు: సల్మా.

ఆ ఫ్యాక్టరీ పేరు మేం అప్పటికే ఫోనుల్లో చూశాం. అప్పటికి పది రోజుల కిందట అది తగలబడింది. తలుపుకి బయట తాళం వేసి ఉండడంతో నలభై ఒక్క మంది ఆడవాళ్లు మెట్ల మీదే చనిపోయారు. అక్కడ తమ బట్టలేవీ కుట్టించలేదనీ ఆ చావులతో తమకి సంబంధం లేదనీ మాకు ఆర్డరిచ్చే ఆ విదేశీ కంపెనీ ప్రకటించింది.

నాగూర్‌బీ అక్క అడిగింది అదే. "సార్, అక్కడ కుట్టించలేదన్నారు కదండి. మరి ఈ చొక్కా ఎక్కణ్ణుంచి వచ్చిందండి?"

"నీకెందుకమ్మా అవన్నీ? ఇంకోసారి ఈ మాటెత్తితే రేపట్నుంచి రానక్కర్లేదు."

మా ఫోనులు గేటు దగ్గరే తీసేసుకుంటారు, ఫొటో తీసే వీల్లేదు. ఆ సాయంత్రం అక్క ఆ చొక్కాని బురఖా లోపల తొడుక్కుని బయటికి నడిచింది.

ఆదివారం ఆమె ఇంట్లో కూర్చున్నాం. తెనాలి నుంచి లాయరు భరద్వాజ గారు వచ్చారు. మా యూనియన్ కేసులు చూసేది ఆయనే. ఢాకా యూనియన్ వాళ్లతో ఫోన్లో మాట్లాడానన్నారు.

"చనిపోయిన వాళ్ల తల్లులు అడిగేది ఒక్కటేనమ్మా. మా పిల్లలు మీ బట్టలు కుడుతూనే పోయారని ఒప్పుకోండి అంటున్నారు."

మా లైనులోనే కుట్టే సరోజ కసిరింది. "ఎక్కడో పోయినోళ్ల కోసం మన పొట్ట మనమే కొట్టుకోవాలా? నాకిద్దరు ఆడపిల్లలు. ఈ పని పోతే మళ్లీ పొలానికి కలుపుకే పోవాలి."

అక్క చొక్కా తీసి సరోజ ఒళ్లో పెట్టింది. "ఆ మెడ కుట్టు చూడు. ఒక్క ముడత లేదు. ఇంత పనిమంతురాల్నే ఎవరో తెలీదంటున్నారు. రేపు మనం పోతే మనల్ని ఎరుగుదుమంటారా? మధ్యాహ్నం షిఫ్టులో మన తలుపుకీ తాళమేగా."

సరోజ చాలాసేపు ఆ కుట్టు మీద వేలు పెట్టి చూసింది. తర్వాత లేచి వెళ్లిపోయింది.

తర్వాతి ఆదివారం ముప్పై మందిమి బస్సెక్కి తెనాలి వెళ్లాం. ఆ విదేశీ కంపెనీ బట్టల షాపు మెట్ల మీద కూర్చున్నాం. భరద్వాజ గారూ మాతో కూర్చున్నారు. ఢాకా యూనియన్ వాళ్లు పంపిన జాబితా పట్టుకుని నేను చనిపోయిన వాళ్ల పేర్లు చదివాను. రహీమా. షెఫాలీ. మొర్జినా. ఒక్కొక్క పేరుకీ మావాళ్లు "మా మనిషే" అన్నారు. దారిన పోయే ఒక పెద్దాయన ఆగాడు.

"ఎవరమ్మా వీళ్లంతా? మీ చుట్టాలా?"

"అవునండి బాబాయ్," అంది అక్క.

పదిహేడో పేరు దగ్గర సరోజ వచ్చింది, ఇద్దరు కూతుళ్లనీ వెంటబెట్టుకుని. నా పక్కనే కూర్చుంది. జాబితాలో సల్మాలు ఇద్దరున్నారు. ఒకామెకి పందొమ్మిదేళ్లు, ఇంకొకామెకి ముప్పై నాలుగు. చొక్కా కుట్టింది ఎవరో తెలియలేదు. బతికి బయటపడ్డ మూడో సల్మా ఎవరైనా ఉందేమోనని నేను ఆశపడ్డాను.

ఇరవై మూడో పేరు చదివేసరికి రేపల్లె ఎస్సై జీపు దిగాడు. వెనకాలే శ్రీనివాసరావు.

"దొంగతనం కేసు. నాగూర్‌బీ ఎవరు?"

"నేనేనండి." అక్క చొక్కా మడతపెట్టి ఆయన చేతికిచ్చింది.

భరద్వాజ గారు ఫిర్యాదు కాపీ అడిగి తీసుకుని పైకి చదివారు. "'మాకు ఆర్డరిచ్చే కంపెనీకి చెందిన నమూనా చొక్కా, ఢాకా ఫ్యాక్టరీ చీటీతో సహా.' అయితే ఢాకాలో కుట్టిన ఈ చొక్కా ఆ కంపెనీదేనని మీరే రాసిచ్చారన్నమాట."

శ్రీనివాసరావు గబుక్కున ఎస్సై వైపు తిరిగాడు. "సార్, ఆ కాగితం మార్చి ఇస్తానండి."

"కేసు కట్టేశాం కదండీ," అన్నాడు ఎస్సై.

అక్క జీపెక్కుతూ నా వంక చూసింది. "చదవడం ఆపకు పుష్పలతా. ఇంకా పద్దెనిమిది మంది ఉన్నారు."

చదివాను. చివరి పేర్లు సరోజ అందుకుంది.

అక్కని రిమాండుకి పంపారు. ఫిర్యాదు కాపీ ఢాకా చేరింది. సంబంధం లేదన్న కంపెనీ ఇప్పుడు పరిశీలిస్తున్నామంటోంది. ఆ తల్లులకి అది చాలదు, మాకూ చాలదు.

సోమవారం పొద్దున ఫ్యాక్టరీ తలుపు దగ్గర సరోజ అందరికంటే ముందు నిలబడింది.

"తాళం తీసి మా చేతికివ్వండి. కేసు వెనక్కి తీసుకోండి. అప్పటిదాకా లోపలికి రామండి."

తొమ్మిదింటికి గంట మోగింది. రెండు వందల మందిమి ఎండలో నిలబడే ఉన్నాం. ఒక్కరూ కదల్లేదు.