బ్యాలెట్ మీద పేరు

అల్లం గంజి అడుగంటకుండా కలుపుతున్నాను. తెల్లారేసరికి మా వాకిట్లో జనం ఉంటారు. ఒకరికి మందులు కావాలి, ఒకరికి శవపేటిక, ఇంకొకరికి కూతురి పెళ్లిలో పెళ్లి పెద్దగా నేను. గవర్నర్ గుమ్మం తొక్కినవాడు ఖాళీ కడుపుతో పోకూడదని మా అత్తగారి శాసనం. గవర్నర్‌గా పేరు మా ఆయనది, గరిటె నాది. అప్పుడే వంటింట్లోకొచ్చిన మా ఆయన టోటింగ్, ఉడికిన గుడ్డు నోట్లో వేసుకుంటూ అన్నాడు.

"పెర్లా, ఈసారి నిలబడేది నువ్వే."

గవర్నర్‌గా వరసగా మూడుసార్లు గెలిచినవాడు నాలుగోసారి పోటీ చెయ్యకూడదని చట్టం. మా దీవిలో ఏ నాయకుడికి ఆ గండం వచ్చినా గట్టెక్కించేది భార్యే. ఒక దఫా ఆయన కుర్చీలో కూర్చుంటుంది, ఆయన తిరిగి రాగానే లేస్తుంది.

"నాకు బడి ఉంది కదండీ. హెడ్‌మిస్ట్రెస్‌ని అయి ఏడాదన్నా కాలేదు. నామినేషన్ వేస్తే ఆ క్షణమే ఉద్యోగం పోతుంది."

"పోతే పోనీ! గవర్నరమ్మని చేస్తానంటే పంతులమ్మగానే ఉంటానంటావేంటే? పనంతా నేను చూసుకుంటా. నువ్వు రిబ్బన్లు కత్తిరించు చాలు."

అత్తగారు కాఫీ కప్పు దించకుండానే అందుకుంది. "మీ మామయ్య మేయర్ కుర్చీ నేను కాపాడలేదూ? నన్నేమైనా చీమ కుట్టిందా?"

ఆయన కౌన్సిలర్‌గా ఉన్నప్పుడూ, మేయర్ అయినప్పుడూ చావు జరిగిన ఇళ్లలో రాత్రంతా కూర్చుని ఏడ్చింది నేను. ఆయన ఉపన్యాసాలు రాసింది నేను. కాదనలేదు, కాదనడం నాకెవరూ నేర్పలేదు. బడి మాత్రం నాది. మేడమ్ గవర్నర్, టోటింగ్ భార్య, ఫలానావాళ్ల కోడలు అని కాకుండా, "టీచర్ పెర్లా" అని పిలిచే చోటు భూమ్మీద అదొక్కటే. అది కూడా అడిగేశారు. గంజి వడ్డించాను.

నామినేషన్ రోజున మొదట చర్చిలో పూజ, తర్వాత బ్యాండుమేళం, అందరికీ మా పార్టీ పచ్చ చొక్కాలు. ఎన్నికల ఆఫీసులో బల్ల వెనక మారివిక్ కూర్చుని ఉంది. నా దగ్గర ఐదో తరగతి చదివిన పిల్ల. నన్ను చూడగానే లేచి నిలబడి, పెద్దలకు పెట్టే దణ్ణంగా నా చెయ్యి తీసుకుని నుదుటికి ఆనించుకుంది.

"టీచర్, బ్యాలెట్ మీద మీ పేరు ఎలా పడాలి?"

నేను నోరు తెరిచాను.

"మిసెస్ టోటింగ్," అన్నాడు మా ఆయన. వెనక పచ్చ చొక్కాలు చప్పట్లు కొట్టాయి.

మారివిక్ కలం కదల్లేదు. ఆయన వైపు చూడలేదు కూడా. "మీరు చెప్పండి టీచర్. మీరేది చెబితే అదే రాస్తాను."

ఆ పిల్ల నా మాట కోసం ఎదురుచూసింది. చప్పట్లు ఆగిపోయాయి. ఆయన చెయ్యి నా భుజం మీద పడింది, మెత్తగానే. టీచర్ పెర్లా. రెండే మాటలు, నాలుక చివర ఉన్నాయి. ఇంటికి వెళ్లాల్సింది మళ్లీ ఆ కారులోనే కదా అనుకున్నాను.

"ఆయన చెప్పిందే రాయమ్మా," అన్నాను.

నా క్లాసులో పక్కవాళ్లు అందించిన జవాబు అప్పజెప్పిన ఏ పిల్లనీ నేను కూర్చోనిచ్చేదాన్ని కాదు. మారివిక్ తల వంచుకుని, నాకు కుర్చీ చూపించింది.