హీరోయిన్ లేని నవల

మహమ్మద్ నగర్ నుంచి వచ్చిన తరుణ్, బాన్సువాడలో షాగుఫ్తా నడిపే కిరాయి పుస్తకాల దుకాణంలో అరగంటగా తచ్చాడుతున్నాడు. నోరు విప్పి అడిగితే తన సంగతి ఊరంతా తెలిసిపోతుందని భయం.

“అక్కా, అంతరిక్షం నవల కావాలె. హీరోయిన్ లేకున్నా ఫికర్ లేదు.”

“హీరోకు హీరో కావాల్నా?”

తరుణ్ ఎవరన్నా విన్నారేమోనని గుమ్మం వైపు చూశాడు. షాగుఫ్తా నింపాదిగా రెండు నవలలు తీసింది.

“గీ దాంట్ల రాకెట్ కెప్టెన్, పైలట్ ప్రేమించుకుంటరు. గా దాంట్ల ఇద్దరు రాజకుమారులు, ఒక డ్రాగన్.”

“చివర్ల ఎవరన్న చస్తరా?”

“డ్రాగన్ ఒక్కటే.”

తరుణ్ రెండూ లాక్కున్నాడు. చదివిన నవలే మళ్లీ తీసుకుపోకుండా ఆఖరి పేజీలో ఎవరి గుర్తు వాళ్లు వేసుకోవడం అక్కడి అలవాటు. రాకెట్ నవల తిప్పి చూస్తే చుక్కలు, చంద్రవంకలు, పువ్వులు, మొత్తం పంతొమ్మిది!

“మీ బాన్సువాడల గింతమంది ఉన్నరా?”

“పేర్లు అడగకు తమ్మీ. నీ గుర్తు ఏందో సోంచాయించుకో.”